గార్డు విప్పాక మా చేతులకు రక్షణ ఏది? – ప్లాంట్ మేనేజర్లకు, మెయింటెనెన్స్ హెడ్లకు బహిరంగ లేఖ

ప్లాంట్ మేనేజర్లకు, మెయింటెనెన్స్ హెడ్లకు, సేఫ్టీ అధికారులకు, పనిముట్ల కొనుగోళ్లు చూసే వారికి

నమస్కారం.

నేను మెకానికల్ మెయింటెనెన్స్‌లో ఫిట్టర్‌ని. పంపులు, బ్లోయర్లు, కన్వేయర్లు, గేర్‌బాక్సులు బాగుచేయడం నా పని. మా షాపులో చేతులకు తగులుతున్న దెబ్బల గురించి, వాటికి కారణమవుతున్న పనిముట్ల గురించి మేమంతా సంతకాలు పెట్టి మా మేనేజ్‌మెంట్‌కి రాసిచ్చాం. సేఫ్టీ కమిటీ మీటింగులో చదివి వినిపించాం. కొన్నాళ్లు ఆగి, గుర్తుచేస్తూ ఇంకో కాగితం పెట్టాం. బదులుగా వచ్చినవి రెండే: తలా ఒక జత కొత్త గ్లోవ్స్, గోడ మీద ‘మీ చేతులు – మీ బాధ్యత’ అనే పోస్టరు. గ్రైండర్ ఎలా ఉన్నది అలాగే ఉంది. మెషీన్ స్విచ్‌కి వేసుకునే లాక్‌లు రాలేదు. కాగితం ఎవరి టేబుల్ మీద ఆగిపోయిందో కూడా తెలియదు.

ఇది ఒక్క ప్లాంట్ గొడవే అయితే ఇలా బయటికి రాసేవాణ్ణి కాదు. వేరే వేరే చోట్ల పనిచేసే తోటి ఫిట్టర్లతో మాట్లాడితే అందరిదీ ఇంచుమించు ఇదే కథ. అందుకే ఎవరి పేరూ ఎత్తకుండా, ఆ కుర్చీల్లో ఉన్న వారందరికీ కలిపి రాస్తున్నాను.

అసలు విషయం ఇది. మెషీన్‌కి పెట్టే గార్డులు, సెన్సర్లు, తలుపు తీస్తే ఆగిపోయే స్విచ్‌లు చాలావరకు దాన్ని నడిపే ఆపరేటర్ కోసం. ఆ ఏర్పాట్లు బాగానే పనిచేస్తున్నాయి, కాదనను. కానీ మా పని మొదలయ్యేదే గార్డు విప్పాక. ఆపరేటర్ చేయి ఎక్కడికి పోకూడదని డిజైన్ చేశారో సరిగ్గా అక్కడికే మా చేయి పోవాలి. అక్కడ మా వేళ్లకూ మెషీన్‌కూ మధ్య ‘జాగ్రత్త’ అన్న మాట తప్ప ఇంకేమీ లేకపోతే, దెబ్బ తగలడానికి నిర్లక్ష్యం దాకా పోనక్కర్లేదు. షిఫ్ట్ చివర్లో అలసట చాలు.

మా దగ్గర జరిగింది ఒకటి చెబుతాను. ఒక బ్లోయర్ బెల్టులు కీచుమంటున్నాయని కంప్లైంట్ వచ్చింది. మోటారు ఆపారు, గార్డు విప్పారు. బెల్టు ఎక్కడ చీలిందో తెలియాలంటే చుట్టూ తిప్పి చూడాలి. తిప్పడానికి వేరే ఏర్పాటు ఏమీ లేదు కాబట్టి, అందరూ చేసేదే ఆ హెల్పరూ చేశాడు. బెల్టునే పట్టుకుని లాగాడు. బ్లోయర్ లోపలి ఇంపెల్లర్ (గాలిని తోసే రెక్కల చక్రం) బాగా బరువు. కదలడం కష్టం, కదిలాక వెంటనే ఆగదు. బెల్టు పుల్లీ గాడిలోకి దిగే చోట గ్లోవ్ కొస చిక్కుకుంది. ఉంగరపు వేలు చివరి కణుపు పోయింది. కరెంటు లేదు, మోటారు నడవడం లేదు. మనిషి చేత్తో తిప్పిన వేగానికే వేలు పోయింది.

విచారణ ఫారంలో ‘మూల కారణం’ అన్న గడిలో ‘కార్మికుడి అజాగ్రత్త’ అని రాశారు. బెల్టు తిప్పే సాధనం ఎందుకు లేదు, లేదని ముందే చెప్పినా ఎందుకు రాలేదు అని అడిగే గడి ఆ ఫారంలో లేనే లేదు. అజాగ్రత్త అని రాస్తే ఫైల్ మూసేయొచ్చు. సాధనం లేదని రాస్తే ఎవరో ఒకరు ఇండెంట్ (కొనుగోలు కోరే కాగితం) మీద సంతకం పెట్టాలి.

వేలు చివరి కణుపే కదా, అని ఆ రోజుల్లో ఒకరిద్దరు పెద్దలు అన్నారు. అందుకని చేయి ఎలా పనిచేస్తుందో కాస్త చెప్పక తప్పదు. వేళ్లలో వాటిని వంచే కండరాలు ఉండవు. ఆ కండరాలు ముంజేతిలో ఉండి, తాళ్లలాంటి స్నాయువులతో వేళ్లను లాగుతాయి. మధ్యవేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు వంచే లోపలి స్నాయువులు చాలామందిలో ఒకే కండరాన్ని పంచుకుంటాయి. అందుకే ఒక వేలు బిగుసుకుపోతే పక్క వేళ్లు కూడా పూర్తిగా ముడుచుకోవు. పిడికిలి బిగియదు. సుత్తి పట్టు జారుతుంది. ఇక బొటనవేలు పోతే చేతి పనిలో దాదాపు 40 శాతం పోయినట్టే అని వైద్యులు లెక్కగడతారు.

అతికించవచ్చు కదా అంటారు. నిజమే, 1965లోనే జపాన్‌లో పూర్తిగా తెగిపోయిన బొటనవేలిని మైక్రోసర్జరీతో అతికించారు. కానీ కత్తితో తెగినట్టు శుభ్రంగా తెగిన వేలికీ, బెల్టో చైనో లాగేసిన వేలికీ చాలా తేడా ఉంది. లాగేసినప్పుడు రక్తనాళాలు, నరాలు సాగి చిరిగిపోతాయి, స్నాయువు ఒక్కోసారి ముంజేతి నుంచే ఊడివస్తుంది. మెయింటెనెన్స్‌లో పోయే వేళ్లు ఎక్కువగా ఇలా నలిగో, లాగబడో పోయేవే.

ఆ హెల్పర్ ఇప్పుడు చిన్న నట్టు పట్టుకుని బోల్టుకి ఎక్కించలేడు. చలికి ఆ వేలు కొస సూదులు గుచ్చినట్టు నొప్పి పెడుతుందంటాడు. ఇలాంటి గాయాల తర్వాత ఇది చాలామందికి ఏళ్ల తరబడి ఉండే బాధే. షర్టు గుండీ పెట్టుకోవడానికి టైమ్ పడుతుంది. ఇంకో ప్లాంట్‌లో నాకు తెలిసిన వెల్డర్‌కి చూపుడు వేలి కొస నలిగి మచ్చకట్టింది. అటెండెన్స్ మెషీన్ అతని వేలిముద్ర తీసుకోవడం మానేసింది. రోజూ గేటు దగ్గర నిలబడి, నేను వచ్చాను అని రిజిస్టర్‌లో రాయించుకోవాల్సి వచ్చేది. కాంట్రాక్టు మీద పనిచేసేవారి సంగతి ఇంకా అన్యాయం. గాయం మానే లోపు కాంట్రాక్టు ముగుస్తుంది. తర్వాతి కాంట్రాక్టర్ చేయి చూసి, ‘చూద్దాంలే’ అని పంపేస్తాడు. ఇంటి ఖర్చులు ఆగవు. చేత్తో బతికేవాడికి చేయే సర్టిఫికెట్.

అందుకే కింది విషయాలు మీ ముందు పెడుతున్నాం. ఇవి కోరికల జాబితా అనుకోవద్దు. చాలావరకు మీ సేఫ్టీ మాన్యువల్‌లో ఇప్పటికే ఉన్నవే.

1. ప్రతి ఫిట్టర్‌కీ, హెల్పర్‌కీ, కాంట్రాక్టు కార్మికుడికీ సొంత లాక్, దానికి ఒకే తాళంచెవి ఇవ్వండి.

స్విచ్ ఆపి, కంట్రోల్ రూమ్‌కి ఫోన్‌లో చెప్పి, ట్యాగ్ వేలాడదీసి పని మొదలుపెట్టడం ఇప్పటికీ చాలాచోట్ల నడుస్తోంది. ట్యాగ్ ఒక కాగితం. షిఫ్ట్ మారితే ఎవరు కట్టారో తెలియదు. లోపల చేయి పెట్టినవాడి జేబులో తాళంచెవి ఉంటేనే మెషీన్ అతని చేతిలో ఉన్నట్టు. పదిమంది ఒకే మెషీన్ మీద ఉంటే, మెషీన్ తాళంచెవి లోపల ఉంచే లాక్ బాక్స్ పెట్టండి; పదిమందీ తమ లాక్ తీస్తేనే అది తెరుచుకోవాలి.

లాక్ వేశాక స్టార్ట్ బటన్ నొక్కి చూసే అలవాటును పర్మిట్‌లో (పని మొదలుపెట్టడానికి ఇచ్చే అనుమతి కాగితంలో) ఒక గడిగా చేర్చండి. వేరే మెషీన్ కరెంటు లైన్‌కి లాక్ వేసిన సంగతి అక్కడే బయటపడుతుంది. ఇంకో మాట. కరెంటు ఒక్కటి ఆపితే శక్తి అంతా పోయినట్టు కాదు. ఎయిర్ సిలిండర్‌లో గాలి ఉంటుంది, హైడ్రాలిక్ అక్యుములేటర్‌లో ప్రెషర్ ఉంటుంది, స్ప్రింగ్ నొక్కుకుని ఉంటుంది, పైకి లేపిన భాగం ఎప్పుడు పడదామా అని ఉంటుంది. కన్వేయర్‌లో ఏదైనా ఇరుక్కుంటే బెల్టు సాగి బిగుసుకుని ఉంటుంది. ఇరుక్కున్నది చేత్తో లాగగానే బెల్టు కొంత దూరం ఒక్కసారిగా కదులుతుంది. ఆ కొంత దూరంలోనే వేళ్లుంటాయి. కాబట్టి ఒక్కో మెషీన్‌కి ఎన్ని రకాల శక్తి ఉంది, ఏది ఎక్కడ ఆపాలి, ఏది ఎలా వదిలించాలి అన్నది ఒక పేజీలో రాసి ఆ మెషీన్ దగ్గరే అతికించండి. అమెరికాలో ఈ లాకౌట్ నిబంధన 1989లోనే వచ్చింది. దాన్ని పాటిస్తే ఏటా దాదాపు 120 మరణాలు, 50,000 గాయాలు తప్పుతాయని అక్కడి కార్మిక భద్రతా సంస్థ అంచనా. ఇదేమీ కొత్తగా కనిపెట్టాల్సిన విద్య కాదు.

2. బెల్టు, చైన్ దగ్గర వేళ్లు పోవాల్సిన అవసరమే లేకుండా చేయండి.

తిప్పి చూడాల్సి వస్తే షాఫ్ట్‌కి బిగించి తిప్పే రాడ్డు ఇవ్వండి. బెల్టు బిగువు వేలితో నొక్కి చూడడం మాని, టెన్షన్ గేజ్ ఇప్పించండి. నడుస్తుండగా చూడాల్సిన వాటికి గార్డులోనే జాలీ కిటికీ పెట్టించండి, గ్రీజు నిపుల్‌ని పైపుతో గార్డు బయటికి తీయించండి. ఈ చివరిది మా వర్క్‌షాప్‌లో మేమే చేసుకోగలం. అనుమతి, పైపు ఇస్తే చాలు.

‘అనుభవం ఉన్నవాడు చేయి చటుక్కున తీసేస్తాడు’ అని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. గార్డుల దూరం లెక్కగట్టే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 13855లో చేయి వేగాన్ని సెకనుకు 2 మీటర్లుగా తీసుకుంటారు. నడుస్తున్న వి-బెల్టు సెకనుకు 20 మీటర్ల దాకా పోతుంది. ఎంత అనుభవం ఉన్నా ఆ పోటీలో గెలవలేం.

3. బెంచ్ గ్రైండర్‌కి ఒక యజమానిని పెట్టండి.

మేం రాసిచ్చిన కాగితంలో మొదటి అంశం ఇదే, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. గ్రైండర్ అందరిదీ కావడంతో ఎవరిదీ కాకుండా పోయింది. ముక్కను ఆనించే టూల్ రెస్ట్‌కీ వీల్‌కీ మధ్య సందు 3 మిల్లీమీటర్లు దాటకూడదు. పైన ఉండే నాలుక గార్డుకీ వీల్‌కీ మధ్య 6 మిల్లీమీటర్లు మించకూడదు. కానీ వీల్ వాడేకొద్దీ అరిగి చిన్నదవుతుంది, సందు దానంతట అదే పెరుగుతుంది. మొదటి రోజు సరిగ్గా బిగించిన గ్రైండర్ కూడా కొన్నాళ్లకి ప్రమాదకరమవుతుంది. సందు పెరిగిన చోట చిన్న ముక్క పట్టుకుని ఆనిస్తే, వీల్ దాన్ని కిందికి గుంజుకుంటుంది. ముక్క పట్టుకున్న వేళ్లు దాని వెనకే పోతాయి. మా గ్రైండర్ టూల్ రెస్ట్ సందులో మడిచిన గ్లోవ్ దూరుతుంది. ఫోటో తీసి ఇచ్చాం కూడా.

కొత్త వీల్ బిగించే ముందు చెక్క పిడితో తట్టి చూడాలి. మంచి వీల్ ఖంగుమంటుంది, పగులున్నది బొంగురుగా మోగుతుంది. వీల్ మీద రాసిన ఆర్పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) గ్రైండర్ ఆర్పీఎం కంటే తక్కువ ఉండకూడదు. బిగించాక పక్కకి నిలబడి ఒక నిమిషం ఉత్తినే నడవనివ్వాలి. ఇవన్నీ తెలిసిన ఒకరిని నియమించి, అతని పేరు గ్రైండర్ మీదే రాయండి. వారానికోసారి సందు కొలిచి సంతకం పెట్టాలి. కొలవడానికి టైమ్ కూడా అతని డ్యూటీలో కలపండి. డ్యూటీ అయ్యాక వచ్చి కొలవమంటే ఎవరూ కొలవరు.

యాంగిల్ గ్రైండర్ది ఇంకో బాధ. 125 మిల్లీమీటర్ల డిస్క్ 11,000 ఆర్పీఎం దగ్గర తిరుగుతుంటే దాని అంచు వేగం సెకనుకు 72 మీటర్లు. చాలా కటింగ్ డిస్కులకు రాసి ఉండే గరిష్ఠ పరిమితి 80 మీటర్లు. మూల అందడం లేదని గార్డు తీసేసి 180 మిల్లీమీటర్ల డిస్క్ బిగిస్తే అంచు వేగం 100 మీటర్లు దాటుతుంది. ఆ డిస్క్ పగలకుండా ఉంటే అదృష్టం. ఇలా చేసేవాణ్ణి తిట్టడం తేలిక. పెద్ద గ్రైండర్ ఎందుకు అందుబాటులో లేదు అని కూడా అడగండి. సైడ్ హ్యాండిల్ లేని, గార్డు లేని, స్విచ్ వదిలినా తిరుగుతూనే ఉండే గ్రైండర్లను స్టోర్ నుంచే ఇవ్వకండి. చేయి తీస్తే ఆగిపోయే స్విచ్, బ్రేకు ఉన్నవి మార్కెట్‌లో దొరుకుతున్నాయి.

4. గ్రీజు గన్, హైడ్రాలిక్ లైన్ల దెబ్బను ‘చిన్న గాయం’ అని రాయడం ఆపండి.

చేత్తో నొక్కే గ్రీజు గన్‌లో కూడా ప్రెషర్ వేల పీఎస్ఐకి (చదరపు అంగుళానికి పౌండ్లు) పోతుంది. దాదాపు 100 పీఎస్ఐ ఉంటే చాలు, సన్నని ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. హోస్ ఎక్కడ కారుతోందో అని చేయి ఆనించి తడుముతారు చూడండి, అప్పుడే ఇది జరుగుతుంది. బయటికి ముల్లు గుచ్చుకున్నంత గుర్తే ఉంటుంది. రక్తం పెద్దగా రాదు, మొదట్లో నొప్పి కూడా అంతగా ఉండదు. ఫస్ట్ ఎయిడ్‌లో బ్యాండేజ్ వేసి పనిలోకి పంపేస్తారు. లోపల నూనె, గ్రీజు స్నాయువుల తొడుగుల వెంట అరచేతిలోకి పాకుతాయి. రాత్రికి చేయి వాచి, తెల్లారేసరికి వేలు రంగు మారుతుంది. ఇది అత్యవసరంగా ఆపరేషన్ చేయాల్సిన గాయం. మొదటి 6 గంటలు చాలా కీలకం. ఆలస్యమైతే వేలు తీసేయాల్సి వస్తుంది.

లీకు వెతకడానికి అట్టముక్క వాడమని ప్రతి హైడ్రాలిక్ యూనిట్ మీదా రాయించండి. ఇలాంటి గాయం తగిలితే నొప్పి ఉన్నా లేకున్నా నేరుగా చేతి సర్జన్ ఉన్న హాస్పిటల్‌కి పంపాలని, వెంట ఆ నూనెలో ఏముందో చెప్పే డేటా షీట్ కూడా ఇవ్వాలని ఫస్ట్ ఎయిడ్ గదిలో పెద్ద అక్షరాలతో పెట్టండి. రాత్రి షిఫ్ట్‌లో బండి ఎవరు ఇస్తారో కూడా రాయండి. ఆ ఒక్క సంగతి తేలక గంటలు పోతాయి.

5. వేలు పనిముట్టుగా వాడే పనులకు పనిముట్టు కొనండి.

పైపు చివర బోల్టులు బిగించే ఫ్లాంజి రంధ్రాలు ఎదురెదురుగా వచ్చాయో లేదో వేలు పెట్టి చూడడం మా వృత్తిలో పాత జబ్బు. పైపు ఒక్క అంగుళం జరిగితే ఆ వేలు కత్తెరలో పడ్డట్టే. దానికి రంధ్రాల్లో దూర్చి సరిచూసే డ్రిఫ్ట్ పిన్ ఉంది. సమ్మెటతో కొట్టి నట్టు బిగించే స్లాగింగ్ స్పానర్‌ని హెల్పర్ చేత్తో పట్టుకుంటే ఇంకొకరు సమ్మెటతో కొట్టడం రోజూ జరుగుతుంది. దానికి దూరం నుంచి పట్టుకునే హోల్డర్ ఉంది. హైడ్రాలిక్ టార్క్ రెంచ్ వాడేటప్పుడు రిమోట్ ఒకరి చేతిలో, రెంచ్ ఇంకొకరి చేతిలో ఉంటాయి. చప్పుడులో ‘ఆగు’ అన్నది ‘కానీ’ అని వినిపిస్తే రెంచ్ ఎదురు ఆనుకునే రియాక్షన్ ఆర్మ్‌కీ పక్క నట్టుకీ మధ్య వేలు అప్పడమవుతుంది. రెంచ్ పట్టుకున్నవాడి చేతిలోనే రిమోట్ ఉండాలన్న నియమం పెట్టండి. దీనికి ఖర్చు కూడా లేదు. వేలాడుతున్న బరువుకి గైడ్ తాడు, సందులో పడ్డ నట్టుకి అయస్కాంతం, తల పుట్టగొడుగులా విచ్చుకున్న ఉలికి స్క్రాప్ డబ్బా. ఇంతకంటే పెద్దవేమీ అడగడం లేదు.

6. గ్లోవ్స్ అన్నిటికీ మందు కాదు.

డ్రిల్లింగ్ మెషీన్, లేత్, బెంచ్ గ్రైండర్ దగ్గర గ్లోవ్ ప్రమాదాన్ని పెంచుతుంది. తిరిగేది దారాన్ని పట్టుకుంటే చేయి మొత్తాన్ని లాక్కుంటుంది. అక్కడ గ్లోవ్ వద్దని మెషీన్ మీదే రాయండి. ‘ప్లాంట్ లోపల అందరూ గ్లోవ్స్ వేసుకోవాలి’ అన్న ఒక్క ముక్క సర్క్యులర్‌ను వెనక్కి తీసుకోండి. రేకు పనికి కోతను ఆపే గ్లోవ్, సుత్తి పనికి వేళ్ల మీద దెబ్బను ఆపే గ్లోవ్ ఇవ్వండి. ఈఎన్ 388 ప్రమాణంలో కోత నిరోధానికి ‘ఏ’ నుంచి ‘ఎఫ్’ వరకు స్థాయిలున్నాయి, గ్లోవ్ వెనకే ముద్రించి ఉంటాయి. కొనేవారు ఆ అక్షరం చూసి కొనాలి. అన్నట్టు, చేతులన్నీ ఒకే సైజులో ఉండవని స్టోర్స్ వారికి ఎవరైనా చెప్పండి. వేలి కొస దగ్గర అంగుళం ఖాళీగా వేలాడే గ్లోవే పుల్లీలో ముందు చిక్కుకునేది.

ఉంగరాల నిషేధం కూడా నోటీసు దాకానే ఉంది. ఉంగరం పట్టుకుంటే వేలి చర్మం మొత్తం తొడుగులా ఊడివస్తుంది. దాన్ని తీయించే బాధ్యత సూపర్‌వైజర్లకు ఇవ్వండి, తీసింది దాచుకోవడానికి లాకర్ ఇవ్వండి.

7. బ్రేక్‌డౌన్ టైమ్‌లో మా వెనక నిలబడకండి.

ఇది చెప్పడానికి కొంచెం మొహమాటంగానే ఉంది. లైన్ ఆగితే మీ మీద ఎంత టెన్షన్ ఉంటుందో మాకు తెలుసు. కానీ మేం లోపలికి వంగి పనిచేస్తుంటే వెనక నలుగురు నిలబడి ‘ఇంకెంతసేపు?’ అని అడుగుతుంటే, లాక్ వేసే నిమిషాలు, ప్రెషర్ వదిలే నిమిషాలే ముందు ఎగిరిపోతాయి. ఒకరు మాత్రమే, షిఫ్ట్ ఇన్‌చార్జ్, ప్రతి అరగంటకీ వచ్చి అడగండి. బ్రేక్‌డౌన్ రిపోర్టులో లాక్ వేసి తీసే టైమ్‌ను రిపేర్ టైమ్‌లో కలపకుండా విడిగా రాయండి. రిపేర్ త్వరగా చేశారని మెచ్చుకునేటప్పుడు ఎలా చేశారో కూడా ఒకసారి చూడండి. ప్రమాదం అనిపిస్తే పని ఆపే హక్కు మాన్యువల్‌లో ఉంది. దాన్ని వాడిన మనిషికి ఆ నెల ఓవర్‌టైమ్ ఎందుకు రాలేదో కూడా మాన్యువల్‌లో ఉంటే బాగుండేది.

8. ‘ప్రమాదం లేని రోజులు’ అన్న బోర్డుకి బహుమతులు ముడిపెట్టకండి. బోర్డు సున్నాకి పడితే షాపు మొత్తానికి బహుమతి పోతుందని తెలిసినవాడు, నలిగిన వేలికి టేపు చుట్టుకుని పనిచేస్తాడు. అతను దాచింది మరొకరికి జరుగుతుంది. తప్పిన ప్రమాదాలు ఎన్ని రాశారు, వాటిలో ఎన్నిటికి మరమ్మతు జరిగింది అన్నది బోర్డు మీద రాయండి. విచారణ ఫారంలో ‘అజాగ్రత్త’ను మూల కారణంగా ఒప్పుకోవద్దు. ఆ మాట రాసిన ఫారం తిరిగి పంపండి.

9. దెబ్బ తగిలాక ఏం చేయాలో కూడా ఇప్పుడే తేల్చండి.

తెగిన వేలిని తడి గాజుగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో గట్టిగా మూసి, ఆ సంచిని మంచు కలిపిన నీళ్లలో పెట్టాలి. నేరుగా మంచులో వేస్తే కణజాలం పాడై, అతికించడానికి పనికిరాదు. ఇది తెలిసినవారు ప్రతి షిఫ్ట్‌లో ఉండాలి. గాయపడిన మనిషికి, అతను కాంట్రాక్టు మీద ఉన్నా సరే, చికిత్స, ఫిజియోథెరపీ పూర్తయ్యే వరకు జీతం ఆగకూడదు. ఆ చేత్తో చేయగల పని చూపించాలి. మా హెల్పర్ డ్రాయింగులు బాగా చదవగలడు. ప్లానింగ్ సెక్షన్‌లో కూర్చోబెట్టండి అని అడిగాం. జవాబు రాలేదు.

ఇవన్నీ ఒకేసారి కావని మాకూ తెలుసు. వరుస కూడా మేమే చెబుతాం. 3, 4, 5, 8 అంశాల్లో ఉన్నవి వచ్చే నెలలోపు అయిపోవాల్సినవి. వాటికి బడ్జెట్ మీటింగ్ అక్కర్లేదు. లాక్‌లు, మెషీన్ల పక్కన అతికించే పేజీలు వచ్చే ప్లాన్డ్ షట్‌డౌన్‌కి ముందే రావాలి, ఎందుకంటే బయటి నుంచి కొత్త మనుషులు ఎక్కువగా వచ్చేది, చేతులు ఎక్కువగా దెబ్బతినేది అప్పుడే. మెషీన్‌లో మార్పులు చేయాల్సిన వాటికి తేదీలతో ప్లాన్ ఇవ్వండి. దాన్ని తయారుచేసే కమిటీలో మెషీన్ మీద పనిచేసే ఫిట్టర్లు, హెల్పర్లు సగం మంది ఉండాలి. కాంట్రాక్టు వారి నుంచి కనీసం ఇద్దరుండాలి.

సేఫ్టీ అధికారులకు విడిగా ఒక మాట. మీలో చాలామంది మా మాటే మేనేజ్‌మెంట్‌కి చెప్పి, మాలాగే జవాబు లేక ఊరుకున్నవారు. మీరు చెప్పింది కూడా రాతపూర్వకంగా పెట్టండి. మా కాగితం పక్కన మీ కాగితం కూడా ఉంటే పక్కన పడేయడం కష్టమవుతుంది.

అంశాల వారీగా జవాబు కావాలి. ‘ఒప్పుకున్నాం, ఫలానా తేదీకి చేస్తాం’ అనో, ‘ఒప్పుకోం, కారణం ఇది’ అనో ప్రతి నంబరు ఎదురుగా రాసి, సంతకంతో నోటీస్ బోర్డులో పెట్టండి. ‘పరిశీలిస్తున్నాం’ అన్న జవాబు మాత్రం వద్దు. కాంట్రాక్టు కార్మికులు కూర్చునే షెడ్డులో కూడా ఒక కాపీ అతికించండి.

ఇట్లు,
ఒక మెయింటెనెన్స్ ఫిట్టర్, తోటి కార్మికుల తరఫున